గది తెరు, గది ముయ్యి

“టేబుల్ తెరు,” అన్నారు ఆయన, నా వెనక పేము కుర్చీలో కూర్చుని కిటికీ వైపు మొహం పెట్టి, నేను టకటకా కొట్టాను, కానీ ఆయన చెప్పింది కాదు, ఇదిగో ఈ మాటలు కొడుతున్నాను, తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో, నోట్‌ప్యాడ్‌లో, ఏది తోస్తే అది, ఎందుకంటే నాకు కావలసింది కీబోర్డు చప్పుడు, అది ఆగితే ఆయన “ఊఁ?” అంటారు, ఏం వైదేహీ తప్పు పోయిందా అంటారు, కాబట్టి ఆపకూడదు. ఆయన చెబుతున్న వెబ్ పేజీ నిన్ననే అయిపోయింది. నిన్న మధ్యాహ్నం ఆయన భోంచేసి నడుం వాల్చినప్పుడు, ఆయనకి తెలియకుండా తెచ్చుకున్న రెండో సాఫ్ట్‌వేర్‌లో, మౌస్‌తో బొమ్మలు లాగి పెట్టి, రంగులు నింపి నేను చేసేశాను, కూరలకని చెప్పి ఫ్లాపీ సంచిలో వేసుకుని వెళ్లి తిరుపతిరావుగారి జిన్నింగు మిల్లులో చూపించి, బాగుందమ్మా అనిపించుకుని, వంకాయలు కూడా కొనుక్కుని వచ్చాను. ఇప్పుడు ఆ అయిపోయిన పేజీనే ఈయన మొదటినుంచీ చెబుతున్నారు, ఒక్కొక్క ట్యాగూ తలలో గీసుకుని, కళ్లు కనపడని మనిషి, నేను రాసుకుంటున్నట్టు నటిస్తున్నాను. పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులకి గుండీలు కూడా పెట్టుకుని మరీ కూర్చున్నారు. పని ఉన్న రోజున అంతే, మధ్యాహ్నం భోజనం దాకా ఆ చొక్కా విప్పరు. పదకొండింటికి కరెంటు తీస్తాడు, ఆలోపు ముగించాలని తొందర.

“వరస తెరు. గది తెరు.” ఈ భాష మేమిద్దరం కట్టుకున్నది, బయటివాళ్లు వింటే ఇల్లు కట్టిస్తున్నారనుకుంటారు. ట్యాగు మొదలైతే తెరు, అయిపోతే ముయ్యి, టేబుల్‌లో అడ్డంగా పోయేది వరస, వరసలో ఒక్కొక్క గడీ ఒక గది. చూపు పోయిన కొత్తల్లో లెస్‌దాన్, టీ, ఆర్, గ్రేటర్‌దాన్ అని అక్షరం అక్షరం చెప్పేవారు, నాకు ఒళ్లు మండి, ఏవండీ, నేనేమన్నా నిన్న చేరిన స్టూడెంటునా అన్నాను, నవ్వి, సరే అయితే గది తెరు అన్నారు. అలా మొదలైంది. ఒక్కోసారి అన్నం తింటూ కూడా, పప్పు గది అయింది, ఇక పులుసు గది తెరు అనేవారు. చాల్లెండి సంబడం అనేదాన్ని. ఇప్పుడా సంబడం మా ఇంట్లో లేదు, నేనే నవ్వడం మానేశాను, నవ్వితే ఎక్కడ బయటపడతానో అని. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కానీ, అతికించుకుంటూ పోతుంటే మధ్యలో నవ్వు రాదు.

నేను స్టూడెంటుగా చేరింది తొంభై ఎనిమిదిలో. జగ్గయ్యపేటలో కింద ఎరువుల కొట్టు, పైన దత్తాత్రేయగారి, అంటే ఈయనదే, కంప్యూటర్ సెంటరు. ఇదే గది. కింద పురుగుమందు డబ్బాల ఘాటుకి మొదటి రోజు తల తిరిగింది, తర్వాత అదే చదువు వాసన అయిపోయింది నాకు. ఇంటర్నెట్టు కావాలంటే విజయవాడకి ఎస్టీడీ కలపాలి, అది కీచుమంటూ కలిసేది, ఒక్కోరోజు కలిసేది కాదు, అయినా మాకెందుకు ఇంటర్నెట్టు, పేజీ తయారుచేయడానికి నోట్‌ప్యాడ్ చాలు, చూసుకోవడానికి బ్రౌజరు చాలు అనేవారు సారు. సారు అనే అనేదాన్ని అప్పుడు. పెళ్లయ్యాక కూడా మా అత్తగారి ముందు ఒకసారి సార్ కాఫీ అన్నాను, ఆవిడ మూడు తరాల చుట్టాలకి చెప్పుకుని నవ్వింది. ఆయన నేర్పిన మొదటి పాఠం, తెరిచినవాడే ముయ్యాలి. సెంటర్లో ఉన్నది పాత బ్రౌజరు, దానికి మొండితనం ఎక్కువ. టేబుల్ తెరిచి ముయ్యడం మర్చిపోయామా, లోపల ఎంత రాసినా ఒక్క అక్షరం చూపించదు, తెర తెల్లగా ఉండిపోతుంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఒక రోజు ఆ తెల్లతెర వచ్చేది. నాకూ వచ్చింది. అంతా పోయింది సార్ అని ఏడుపు మొహం పెట్టాను. ఏదీ పోలేదమ్మా, అంతా లోపలే ఉంది, నువ్వు తలుపు వెయ్యలేదు అంతే అన్నారు, వేలితో తెరమీద కింద చూపించారు, స్లాష్ టేబుల్ కొట్టాను, ఒక్కసారిగా అన్నీ వచ్చాయి, నా పేరు, మా ఊరు వత్సవాయి, మా నాన్న పత్తి చేను, అన్నీ. ఆ మనిషినే చేసుకోవాలని ఆ రోజే అనుకున్నానేమో, ఇప్పుడు ఏది ముందు ఏది వెనక అన్నది తెలియడం లేదు.

“మిల్లు పేరు. సెంటర్లో పెట్టు. పెద్ద హెడ్డింగు వద్దు, రెండోది.” ఎంటర్ గట్టిగా కొట్టాను. అప్పుడప్పుడు షిఫ్ట్ కూడా నొక్కుతూ ఉండాలి, ట్యాగులకి షిఫ్ట్ లేకుండా కుదరదు, ఆ చప్పుడు వేరు, ఆయన చెవులు మామూలువి కావు ఇప్పుడు. కింద కొట్లో ఏ మందు డబ్బా దింపుతున్నారో పడ్డ చప్పుడునిబట్టి చెబుతారు. మెట్లెక్కే మనిషి ఎవరో మూడో మెట్టు దగ్గర చెబుతారు. అటువంటి మనిషి నా వెనక కూర్చుని ఉంటే నేను ఈ నాటకం ఆడుతున్నాను, ఎంత పొగరు నాకు, ఎంత భయం.

ఆయన పేజీలు సన్నబడుతూ వచ్చాయి, అది నేను ముందే చూసి ఉండాల్సింది. మొదట్లో తెర నిండా ఉండేవి, తర్వాత టేబుల్ వెడల్పు ఆరువందలన్నారు, ఇంకొన్నాళ్లకి ఐదువందలు, నాలుగువందలు. ఏమిటండీ రైలు టిక్కెట్టులా అంటే, సన్నగా ఉంటేనే చదవబుద్ధేస్తుంది వైదేహీ, పేపర్లో కాలం చూడు అన్నారు. నిజమే కాబోలనుకున్నాను. ఆయనా నిజమే అనుకున్నారు, అబద్ధం చెప్పలేదు. ఆ తర్వాత గుమ్మానికి భుజం కొట్టుకోవడం, కుడిపక్కనుంచి వచ్చే సైకిలు చూసుకోకపోవడం, మంచినీళ్ల గ్లాసు పక్కనే ఉన్నా ఏదీ అనడం. విజయవాడలో డాక్టరు ఏవో లైట్లు వేసి చూసి, నీటికాసులమ్మా, చూపు అంచులనుంచి పోతూ వస్తుంది, మధ్యలో బాగానే కనపడుతుంటుంది కాబట్టి మనిషికి తెలియదు, చాలా ఆలస్యం చేశారు అన్నాడు. ఇంటికొచ్చి ఆయన చేసిన పేజీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూసుకున్నాను. వెడల్పుగా ఉన్నది మొదలు సన్నది దాకా. ఆయన కళ్లు ఎలా మూసుకుపోయాయో అంతా అందులోనే ఉంది, నేను పక్కన కూర్చుని రైలు టిక్కెట్టని ఎగతాళి చేశాను. ఆ పూట ఏడ్చినంత నేను మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

“గది ముయ్యి. పక్క గది తెరు. ఇక్కడ పత్తి బొమ్మ. ఆల్ట్‌లో ‘తెల్లబంగారం’ అని పెట్టు, బొమ్మ రాకపోయినా మాట కనపడుతుంది.” బొమ్మ రాకపోయినా మాట కనపడుతుంది. ఎంత జాగ్రత్తో చూడండి. కళ్లు పూర్తిగా పోయాక కొన్నాళ్లు మాట్లాడలేదు ఆయన. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. సెంటరు మూసేద్దామా అని ఎవరో బంధువు అడిగితే కూడా పలకలేదు. ఒక రోజు నేను ఒక స్కూలు పేజీ చేస్తూ ఎక్కడో తప్పు దొరక్క, విసుక్కుని, నాలో నేను కోడు పైకి చదువుకుంటుంటే, మంచం మీదనుంచి, మూడో వరసలో గది ముయ్యలేదు నువ్వు అన్నారు. చూశాను, ముయ్యలేదు. ఆయన లేచి కూర్చున్నారు. ఆ రోజు ఆయన మొహం చూడాల్సింది. నాకు ఇంకా కనపడుతోంది వైదేహీ అన్నారు. చేత్తో రాసే కోడుకి కళ్లు అక్కర్లేదు, అది ముందు మనసులో కట్టుకుని తర్వాత తెరమీదికి పోయేది, అందుకే ఆయన కట్టగలిగారు. నేను చేతులు, ఆయన తల. అలా చాలా పేజీలు చేశాం. ఆయన చెప్పిందాంట్లో ఒక్క కామా పోతే చాలు, ఏవండోయ్, పంతులుగారు, ఇవాళ మీరే గది ముయ్యడం మర్చిపోయారు అని ఊరంతా వినపడేట్టు వెక్కిరించేదాన్ని, ఆయన చెవి పట్టుకుని గుంజీ తీసినట్టు తలాడించేవారు. బతికినన్నాళ్లూ ఇలాగే బతికేస్తామనుకున్నాను, నా పిచ్చి మొహం.

తర్వాత నందిగామలో మౌస్‌తో పేజీలు చేసే కొట్టు వచ్చింది, మా దగ్గర నేర్చుకున్న ఉదయభాస్కర్‌దే. పేటలో వాళ్లు కూడా అక్కడికి పోవడం మొదలుపెట్టారు. తిరుపతిరావుగారు మాత్రం మేష్టారి మీద గౌరవంతో మా దగ్గరికే వచ్చారు, ఈయన చెబుతుంటే నేను కొట్టిన పేజీ చూపించాను, ఆ పెద్దమనిషి చాలాసేపు చూసి, ఈయన వినకుండా నన్ను మెట్లమీదికి పిలిచాడు. “అమ్మాయ్, ఏమనుకోబాకు. మేష్టారి పేజీ కరపత్రంలాగా ఉంది. నందిగామ కుర్రోడు చేసిందాంట్లో లారీ కదులుతా ఉంది. అసలు చూపు లేని మనిషి బొమ్మ ఎక్కడ పెట్టాలో ఎట్టా చెప్తాడమ్మా?” అన్నాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడో ఇప్పటికీ నా చెవిలో ఉంది. కోపమొచ్చి ఆ పెద్దమనిషి మొహంమీదే తలుపు వేసెయ్యాలనిపించింది, కానీ తప్పు అనలేకపోయాను, నా కళ్లకీ అది కరపత్రంలాగే కనపడింది. లోపలికి వచ్చేసరికి ఈయన, ఏమంటున్నాడు తిరుపతిరావు, నచ్చిందా అన్నారు ఆశగా. చాలా నచ్చిందట, ఇంకో పేజీ కూడా కావాలట అన్నాను. అదీ మొదటి అబద్ధం. ఆ మొహంలో వెలుగు చూశాక ఇక రెండోది దానంతటదే వచ్చింది.

మర్నాడు బస్సెక్కాను నందిగామకి, మా వదిన దగ్గరికని చెప్పి. చిల్లకల్లులో బస్సు ఆగితే మిర్చి టిక్కీలు, అవే బస్తాలు, వేసుకున్న లారీ పక్కనే ఆగింది, ఆ ఘాటుకి అందరూ దగ్గుతున్నారు, నేను కళ్లు తుడుచుకుంటే ఎవరికీ అనుమానం రాలేదు. హాయిగా ఏడ్చాను నందిగామ దాకా. ఉదయభాస్కర్ నన్ను చూడగానే లేచి నుంచుని కుర్చీ వేశాడు, విషయం చెబితే తల వంచుకున్నాడు. “మేడం, సార్ పేజీ అయితే ఫోను లైనుమీద కన్ను మూసి తెరిచేలోపు వచ్చేస్తదండి. మాది తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. అయినా జనానికి అదే కావాలండి, నేనేం చెయ్యను?” అన్నాడు. సీడీ తనే ఇచ్చాడు, ఎలా వాడాలో గంటసేపు చూపించాడు. “ఏది ఎక్కడ పెడితే అక్కడే కూర్చుంటది మేడం. కోడు అదే రాసుకుంటది, మనం చూడక్కర్లేదు.” మనం చూడక్కర్లేదట. వచ్చేటప్పుడు మెట్లదాకా వచ్చి, సార్‌కి చెప్పకండి మేడం, నావల్లే అనుకుంటారు అన్నాడు.

“వరస ముయ్యి. కొత్త వరస తెరు. ఇందులో ఒకటే గది, మూడు గదుల వెడల్పు.” ఊఁ అన్నాను. ఇప్పుడు ఇంకో మాట కొట్టాలి, ఇది ఎవరితోనూ అనలేదు. ఆ సాఫ్ట్‌వేర్ నాకు నచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషమేసింది. పత్తి బొమ్మ మౌస్‌తో పట్టుకుని అటు జరిపి, ఇటు జరిపి, ఇంకొంచెం పైకి, ఆఁ అక్కడ, అనుకుని వదిలేస్తే అక్కడే ఉండిపోయింది. ముగ్గులో చుక్క పెట్టినట్టు. చిన్నప్పుడు వత్సవాయిలో మా వాకిట్లో నా ముగ్గు చూడడానికి ఆగి మరీ పోయేవాళ్లు. ఇన్నాళ్లూ ఆయన తలలో ఉన్న ఇంటికి కూలిపని చేశాను, మొదటిసారి నా కళ్లకి పని దొరికింది. ఆకుపచ్చ పక్కన పసుపు పెట్టి, కాదని నారింజ పెట్టి, నాలో నేను నవ్వుకుంటూ తల తిప్పితే వెనక మంచం మీద ఆయన నిద్రపోతున్నారు, రెప్పలు సగం తెరుచుకుని. ఆ సంతోషం అక్కడే చచ్చిపోయింది. ఆయనకి లేనిదాంతో నేను ఆడుకుంటున్నాను, అదీ ఆయన నిద్రపోయాక, దొంగతనంగా. మౌస్ చెక్కబల్ల మీద టిక్కు టిక్కుమంటుంటే లేస్తారేమోనని ఆయన ఎర్ర తువ్వాలు నాలుగు మడతలు పెట్టి కింద వేశాను. అప్పటినుంచీ అది అక్కడే ఉంది. బాణం ఈమధ్య తెరమీద ఎక్కడపడితే అక్కడ ఆగిపోతోంది, ముసలి ఎద్దులా మొరాయిస్తోంది, కొత్త మౌస్ కొనాలి కాబోలు.

ఒకసారి ఆయనే, వేరేవాళ్ల పేజీ ఏదన్నా కోడు చదివి వినిపించు, లోకం ఎటు పోతోందో తెలియాలిగా అన్నారు. నాకేం దెయ్యం పట్టిందో, నేను మౌస్‌తో చేసినదాని కోడే తెరిచి, ఎవరిదో అని చెప్పి చదివాను. నేను రాసింది కాదుగా, అది రాసుకున్నది. ఖాళీ గది, దాని పక్కన ఇంకో ఖాళీ గది, గదిలో టేబులు, ఆ టేబుల్లో మళ్లీ గది, అక్షరం అక్షరానికీ రంగు, మళ్లీ అదే రంగు. ఆయన పగలబడి నవ్వారు. ఎవడు వీడు, ఇంత ఇల్లు కట్టి మనిషి పడుకోడానికి చోటు లేకుండా చేశాడు అన్నారు. నాకు చురుక్కుమంది. పైకి చూస్తే ఎంత బాగుందో తెలుసా అన్నాను, గొంతు పెరిగింది. ఆయన నవ్వు ఆపి, నా వైపు తల తిప్పి, బాగుందా అన్నారు. ఆఁ, బాగుంది అన్నాను. సరే అయితే అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ వేరేవాళ్ల పేజీ చదవమని అడగలేదు.

చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. కాఫీ ఇస్తూ చెబుదామనుకుంటే ఆయన గ్లాసు కోసం గాలిలో చెయ్యి చాపుతారు, ఆ చెయ్యి చూశాక నోరు రాదు. ఇంటికెవరన్నా వస్తే, ఏమండీ, మా పేజీ చూశారా, మొన్న జిన్నింగు మిల్లుది చేశాం అంటారు, చేశాం అంటారు, వచ్చినవాళ్లు నా మొహం చూసి చూశామండీ అంటారు. ఊళ్లో అందరికీ తెలుసు, ఒక్క ఆయనకి తప్ప. ఇది కూడా తీసేసుకుంటే ఆయన దగ్గర ఏముంటుంది, మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటారు, ఈసారి లేపడానికి నా దగ్గర తప్పు పోయిన వరస కూడా లేదు. నేను కాపాడుతున్నది ఆయన్నా, ఆయన మొహం అలా చూడలేని నన్నా. రేపు చెబుతాను. తిరుపతిరావుగారి పని అయ్యాక చెబుతాను. లేకపోతే అసలు చెప్పను, ఇద్దరం ముసలివాళ్లమయ్యేదాకా ఆయన చెబుతూ ఉంటారు, నేను ఇలా ఏదో ఒకటి కొడుతూ ఉంటాను, ఎవరికి నష్టం, వేళ్లకేం నొప్పా, ఈ వేళ్లు ఆయన కోసం కాకపోతే ఇంకెందుకు, కొడుతూనే ఉంటాను, మా అత్తగారి ముందు సార్ కాఫీ అన్న మాట, పత్తి చేను, పురుగుమందు వాసన, కింద ఎవరో డబ్బా దింపారు, ఆయన ఏదీ అనలేదేమిటి, ఏ మందో చెప్పలేదేమిటి

“అయిపోయింది వైదేహీ,” అన్నారు ఆయన.

నా వేళ్లు ఇంకా ఆడుతున్నాయి. ఎప్పుడయిపోయిందో నాకు తెలియదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

“బాడీ ముయ్యి, హెచ్‌టీఎంఎల్ ముయ్యి అన్నా. విన్నావుగా?”

“విన్నానండీ. కొట్టాను.”

“పాత బ్రౌజర్లో చూడు ఓసారి.”

మౌస్ పట్టుకుని ఒకసారి క్లిక్ చేశాను, ఆయనకి వినపడేట్టు. ఏమీ తెరవలేదు. తెరమీద నా మాటలే ఉన్నాయి, కిందిదాకా.

“చూశానండీ.”

“ఎలా ఉంది?”

చెప్పాను. ఎప్పుడూ చెప్పినట్టే, ఆయన చెప్పిన పేజీ నా కళ్లముందు ఉన్నట్టే చెప్పాను. పైన మధ్యలో మిల్లు పేరు, ఎడమపక్క పత్తి బొమ్మ, కుడిపక్క అడ్రసు, కింద మూడు గదుల వెడల్పున మాటలు. నాకు ఇది బాగా అలవాటయింది, తడుముకోను.

“అన్నీ కనపడుతున్నాయా?”

“అన్నీ కనపడుతున్నాయండీ. చాలా బాగా వచ్చింది.”

ఆయన కుర్చీ చేతిమీద బొటనవేలు రాస్తూ కూర్చున్నారు. కింద రోడ్డుమీద చిల్లకల్లు ఆటోవాడు జనాన్ని పిలుస్తున్నాడు.

“నేను టేబుల్ ముయ్యలేదు,” అన్నారు.

ముందు నాకు అర్థం కాలేదు. తర్వాత ఆ తెల్లతెర గుర్తొచ్చింది, నేను చేరిన కొత్తలోది, అంతా పోయింది సార్ అని ఏడుపు మొహం పెట్టినది. ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టి ఉంటే ఇప్పుడు నా ముందు ఆ తెల్లతనం ఉండాలి, ఒక్క అక్షరం కనపడకూడదు. అన్నీ కనపడుతున్నాయన్నాను నేను. చాలా బాగా వచ్చిందన్నాను.

“పోయినసారి మనం చేసిన ఆ బేబిగారి స్కూలు పేజీకి నిజంగానే ముయ్యడం మర్చిపోయా,” అన్నారు ఆయన, కోపం లేదు గొంతులో, కోపం ఉన్నా బాగుండేది. “ఆ సాయంత్రం గుర్తొచ్చింది. అరె, ముయ్యలేదే అనుకున్నా. నువ్వు చూసి మూసి ఉంటావులే అనుకున్నా. కానీ మూసి ఉంటే నువ్వు ఊరుకునేదానివి కాదుగా. పంతులుగారూ అని దులిపేసేదానివి. నువ్వు ఏమీ అనలేదు. అందుకని ఇవాళ కావాలని వదిలేశా.”

“ఏవండీ, తిరుపతిరావుగారు...”

“ఆయనేమన్నాడో చెప్పకు.”

చెప్పలేదు. ఏడవకూడదనుకున్నాను, ఏడిస్తే ఆయనే నన్ను ఓదారుస్తారు, అది నేను భరించలేను. ఆయన కుర్చీలో కాస్త ముందుకి జరిగారు.

“ఆ మౌస్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నావా?”

“ఊఁ.”

“బొమ్మలు బాగా కుదురుతున్నాయా?”

“కుదురుతున్నాయండీ.”

“నీకు ముగ్గు బాగా వచ్చుగా,” అన్నారు. నవ్వడానికి ప్రయత్నించారు, మొహం సహకరించలేదు. “స్లాష్ టేబుల్ కొట్టు ఒకసారి. తెరిచింది నేనే కదా.”

కొట్టాను. ఈసారి ఆయన చెప్పింది చెప్పినట్టు. షిఫ్ట్ నొక్కి కామా మీట, స్లాష్, టీ, ఏ, బీ, ఎల్, ఈ, మళ్లీ షిఫ్ట్, చుక్క మీట. ఆయన తల ఒక పక్కకి వంచి ప్రతి మీటా విన్నారు. ఆఖరిది పడ్డాక ఆఁ అన్నారు, అంతే.

లేచి నుంచున్నారు. చెయ్యిద్దామని లేవబోతే వద్దన్నట్టు అరచెయ్యి చూపించి, బల్ల అంచు పట్టుకుని, గోడ తడుముకుంటూ వెనకగదివైపు నడిచారు. గుమ్మం దగ్గర ఆగారు.

“మౌస్ కింద నా తువ్వాలు తీసెయ్ వైదేహీ. పీచు రోలర్లకి చుట్టుకుంటుంది, బాణం కదలదు.”

ఆయన వెళ్లాక మౌస్ తిరగేసి, మూత తిప్పి, బాల్ బయటికి తీశాను. క్లాసులో ప్రతి శనివారం మాచేత తీయించేవారు. రోలర్ల నిండా ఎర్ర పీచు. గోటితో గీకుతుంటే రావడం లేదు, కళ్లనిండా నీళ్లు, ఏదీ కనపడడం లేదు. వెనకగదిలో ఇనప బీరువా తలుపు చప్పుడయింది, తర్వాత హ్యాంగరు చప్పుడు. ఇంకా పదకొండు కాలేదు, కరెంటు కూడా పోలేదు, ఆయన ఇస్త్రీ చొక్కా విప్పేశారు.